మా 1966 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుకి వేసిన ముందు డిస్క్ బ్రేక్ కిట్: ఎనిమిది నెలల తర్వాత

నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే (చక్రంతో తిరిగే డ్రమ్ముకి లోపలినుంచి షూలు ఒత్తుకునేవి) ఉన్న ఈ బండిని పదకొండేళ్లుగా నడుపుతున్నాను. వాన లేనప్పుడు ఏ ఇబ్బందీ లేదు. నీళ్లలోంచి వచ్చాక మొదటిసారి బ్రేకు తొక్కితే మాత్రం ఒక పక్క డ్రమ్ము ముందుగా పట్టి, స్టీరింగు అటు లాగేసేది. కొండ దిగేటప్పుడు వరసగా బ్రేకు వేస్తే డ్రమ్ములు వేడెక్కి వ్యాకోచించేవి, షూలకీ వాటికీ మధ్య సందు పెరిగి పెడల్ కిందికి దిగిపోయేది. ఒకసారి మా అమ్మాయి వెనక సీట్లో ఉండగా అలాగే అయింది. సెకండ్ గేరులోకి దించి, హ్యాండ్‌బ్రేకు లాగి ఆపాను. ఆ రాత్రే ఈ కిట్ కోసం వెతకడం మొదలుపెట్టాను.

కిట్ ఆర్డర్ చేసేలోపు, మీ బండి ముందు చక్రాల ఇరుసు ఏ రకమో చూసుకోండి. మా దానిది బాల్ జాయింట్ ఇరుసు, చక్రం బిగించేందుకు 205 మిల్లీమీటర్ల వృత్తం మీద ఐదు బోల్టులు. అంతకు ముందరి బీటిళ్లకి లింక్ పిన్ ఇరుసు ఉండేది, దాని కిట్ వేరు. 1968 మోడల్ నుంచి చాలా బండ్లకి 130 మిల్లీమీటర్ల మీద నాలుగు బోల్టులే.

డిస్కులు, వాటిని ప్యాడ్లతో రెండు పక్కలా నొక్కే క్యాలిపర్లు, బ్రాకెట్లు బాగున్నాయి. పాత డ్రమ్ము వెనక రేకు తీసేసి అదే చోట బ్రాకెట్ బిగిస్తే, ఎక్కడా ఆకురాయి పెట్టాల్సిన పని లేకుండా కూర్చుంది. ఎడమ చక్రం నట్టుకి మర ఎదురు దిశలో ఉంటుంది, తెలియక బలం ఉపయోగిస్తే మర పాడవుతుంది. బీటిల్‌లో స్పీడోమీటర్ కేబుల్ ఆ ఎడమ చక్రం ఇరుసులోంచే వస్తుంది, దాని కొస గ్రీజు మూతకున్న చదరపు రంధ్రంలో కూర్చోవాలి. కిట్‌లో వచ్చిన రెండు మూతలకీ ఆ రంధ్రం లేదు! ఒక సాయంత్రమంతా కూర్చుని నేనే చేసుకున్నాను.

అసలు సంగతి మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని లైనుల్లోకి నెట్టేది. పాతదే సరిపోతుందని కిట్‌తో వచ్చిన కాగితంలో రాశారు. నమ్మాను. ఆరు కిలోమీటర్లు తిరిగేసరికి ముందు చక్రాల దగ్గర కాలిన వాసన, చెయ్యి పెట్టలేనంత వేడి. డ్రమ్ బ్రేకుల కోసం చేసిన సిలిండర్, పెడల్ వదిలాక కూడా లైనులో కొంచెం ఒత్తిడి మిగిల్చి ఉంచుతుంది. డ్రమ్ముల్లో షూలని స్ప్రింగులు వెనక్కి లాగేస్తాయి కాబట్టి పర్వాలేదు. డిస్కులకి అలాంటి స్ప్రింగులు లేవు, ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి.

అందుకే ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉన్న బండి కోసం చేసిన రెండు సర్క్యూట్ల (వేరువేరు బ్రేకు లైనుల) సిలిండర్ వేశాను. ఫోక్స్‌వ్యాగనే తన కార్మన్ గియా కారుకి 1967 మోడల్ నుంచి ముందు డిస్కులు ఇచ్చింది కాబట్టి ఇలాంటి సిలిండర్ దొరకడం కష్టం కాలేదు. మా బండిలో అప్పటిదాకా ఒకటే సర్క్యూట్. ఎక్కడ ఒక్క హోస్ పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోయేది. ఇన్నేళ్లు అలా పిల్లని తిప్పానా అని ఇప్పుడు తలుచుకుంటే గుండె జారుతుంది. డిస్కులు కొనకపోయినా సరే, ఈ ఒక్క మార్పు చేయించుకోండి.

మా అమ్మాయి పెడల్ తొక్కుతూ ఉంటే నేను కిందినుంచి బ్రేకు లైనుల్లోని గాలి తీశాను. "నాన్నా, ఇప్పుడు గట్టిగా ఉంది" అని తను అనేదాకా ఆపలేదు.

పొడి రోడ్డు మీద మొదటిసారి తొక్కినప్పుడు బండి ఆగే దూరం పెద్దగా తగ్గలేదు, అక్కడ టైరు పట్టు ఎంతో అంతే. కానీ పదోసారి తొక్కినా మొదటిసారిలాగే ఆగుతుంది, తడిలోనూ తిన్నగా ఆగుతుంది. కాలికి మాత్రం బలం ఎక్కువ కావాలి. డ్రమ్ములో తిరిగే చక్రమే షూని లోపలికి లాక్కుని సాయం చేస్తుంది, డిస్కుకి ఆ సాయం లేదు. నాకు రెండు వారాల్లో అలవాటైంది.

మీ డ్రమ్ములు గుండ్రంగా ఉండి, షూలని తోసే వీల్ సిలిండర్లు కారకుండా, షూలు సరిగ్గా సర్ది ఉంటే, దగ్గర తిరుగుళ్లకి ఈ కిట్ అవసరం లేదు. విప్పినప్పుడు లోపలి దుమ్ముని గాలితో ఊదకండి, షూల మీది పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. మూత సంగతి వదిలేస్తాను, ఆ ఒకటి తగ్గించింది మాస్టర్ సిలిండర్ గురించి తప్పు రాసినందుకు.