కలంకారీ కిట్: గుడ్డకు మంచి మార్కులు, కలానికి సున్నా

ఇంట్లోనే శ్రీకాళహస్తి పని, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే కలంకారీ, పట్టుకుందామనుకున్నవాళ్లకు ఈ కిట్ సగమే పనికొస్తుంది. గుడ్డ మాత్రం బంగారం: కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరేసిందే. పాలలోని కొవ్వు సిరాను పాకనివ్వదు. ఇదే గీత మామూలు తెల్లగుడ్డ మీద గీస్తే గొంగళిపురుగే!

బెల్లం, తుప్పుపట్టిన ఇనుము ఊరబెట్టిన సిరా గీసేటప్పుడు వెలిసినట్టుంటుంది, కరక్కాయ తగిలాకే నల్లబడుతుంది. తొందరపడి మళ్లీ దిద్దితే గీత లావెక్కుతుంది.

తేడా అంతా కలంలోనే. వెదురుపుల్లకు ఉన్ని వదులుగా చుట్టారు, కాస్త నొక్కితే బొట్టు జారుతుంది. విప్పేసి, మొనకు అంగుళం పైన బిగించి చుట్టి, దారంతో కట్టుకోవాలి. పటిక పొట్లం ఇచ్చారు గానీ, పటిక పూసిన చోట ఎరుపెక్కించే మంజిష్ఠ వేరు ఇవ్వలేదు. అది విడిగా కొనాల్సిందే.