మోకాలి మార్పిడి: విదేశంలోనా, దగ్గర్లోనా?

ఖర్చు తగ్గుతుందని, నెలల తరబడి ఆగక్కర్లేదని చాలామంది మోకాలి ఆపరేషన్‌కి విదేశానికి వెళ్తున్నారు. ఆ రెండూ చాలాసార్లు నిజమే. దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రి చెప్పే మొత్తం వింటే గుండె గుభేలుమంటుంది. కానీ ఆ డబ్బులో లెక్కకు కనిపించనిది ఒకటుంది: కోసిన చెయ్యే తర్వాత కూడా అందుబాటులో ఉండటం.

అసలు తేడా ఇక్కడే. కుట్లు విప్పిన రాత్రి గాయం చుట్టూ ఎర్రబడి, చెయ్యి పెడితే వేడిగా తగిలిందనుకోండి. దగ్గరైతే వెంటనే వెళ్లి చూపిస్తాం. దూరమైతే ఫోన్‌లో ఫొటో పంపి ఎదురుచూడాలి. ఇక్కడి డాక్టరేమో వేరొకరు పెట్టిన కీలును ముట్టుకోవడానికి వెనకాడొచ్చు.

తిరుగు ప్రయాణమూ తేలిక కాదు. ఈ ఆపరేషన్ తర్వాత కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు వారాలపాటు ఉంటుంది. విమానంలో గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే అది ఇంకా పెరుగుతుంది. అందుకే విమానం ఎక్కేముందు కొన్ని రోజులు అక్కడే ఆగాల్సి రావచ్చు. అన్ని రోజుల గది అద్దె, తోడు వచ్చినవాళ్ల ఖర్చు ప్యాకేజీలో ఉన్నాయా అని ముందే అడగండి.

ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే అంతర్జాతీయ సంస్థ జేసీఐ ఇచ్చే గుర్తింపు ఉంటే మంచిదే, అయితే అది ఆసుపత్రికి ఇచ్చేది, సర్జన్‌కి కాదు.

డబ్బు సమకూరితే దగ్గరే మేలంటాను. వెళ్లక తప్పకపోతే డిశ్చార్జి సమ్మరీతోపాటు కంపెనీ, సైజు, లాట్ (తయారీ బ్యాచ్) నంబరు ఉన్న ఇంప్లాంట్ (లోపల పెట్టిన కృత్రిమ కీలు) స్టిక్కర్లు అడిగి తెచ్చుకోండి. మోకాలు మళ్లీ తెరవాల్సి వస్తే సర్జన్‌కి ముందు కావాల్సింది అవే.