దేవుని రాజ్యంపై పన్నెండు పాఠాలు: తపాలాలో వచ్చిన ఒక బైబిలు కోర్సు

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా పర్లాకిమిడి అటు వెళ్లింది కాబట్టి, ఇక్కడ తెలుగు ఆరాధనకు వెళ్లే మాబోటి కుటుంబాలకు ‘రాజ్యం’ అన్న మాట దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఒడియా బడిలో చదివే పిల్లలకు రాజ్యమంటే మనం రాష్ట్రం అనేది. ‘రాజ్య సర్కార్’ అంటే భువనేశ్వర్‌లోని ప్రభుత్వం. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం అది గజపతి రాజావారి కోట, దాని కింద ఉన్న ఊళ్లు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ‘నీ రాజ్యము వచ్చుగాక’ అని ప్రతి ఆదివారం దేవుణ్ణి అడుగుతున్నాం కదా, వచ్చేది ఏమిటని మా అబ్బాయి ఒకనాడు అడిగితే నేను తడబడ్డాను. ఆ తడబాటు వల్లనే, ఆంధ్ర వైపు నుంచి ఉచితంగా నడిచే ఒక తపాలా కోర్సుకు పేరు రాసి పంపాను. మనకయ్యే ఖర్చు జవాబు పత్రాలు తిరిగి పంపడానికి స్టాంపులు మాత్రమే.

పన్నెండు పుస్తకాలలోనూ రెండవ పాఠానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. క్రొత్త నిబంధన మూలంలోని ‘బసిలేయా’ అనే గ్రీకు పదానికి నేల, సరిహద్దు అనే అర్థం కంటే ఏలుబడి అనే అర్థమే ముఖ్యమనీ, అందువల్ల యేసు గలిలయలో ‘దేవుని రాజ్యము సమీపించియున్నది’ అని ప్రకటించినప్పుడు చెప్పింది ఒక చోటు గురించి కాదనీ, దేవుడే రాజుగా ఏలే కాలం ముంగిట్లోకి వచ్చిందన్న వార్త అనీ ఆ పాఠం నిదానంగా వివరిస్తుంది. సువార్త రాసినవారిలో మత్తయి ఎక్కువగా వాడే ‘పరలోకరాజ్యము’ అన్న మాట చూసి, అది చనిపోయాక వెళ్లే లోకమేనని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. మార్కు, లూకాలు అదే బోధను ‘దేవుని రాజ్యము’ అంటారు. ధనవంతుని గురించి చెప్పే మత్తయి 19వ అధ్యాయంలో వరుసగా ఉన్న రెండు వచనాలలోనే ఈ రెండు పేర్లూ ఒకే అర్థంలో కనిపిస్తాయి. ఇది చదివాక మా అబ్బాయి, ‘అయితే నాన్నా, నీ ఏలుబడి రావాలి అని అడుగుతున్నామన్నమాట’ అన్నాడు. నేను ఇవ్వలేని జవాబు వాడే చెప్పుకున్నాడు.

ఉపమానాల పాఠాలు ఒక్క తీరుగా లేవు. స్త్రీ మూడు కుంచముల పిండిలో పుల్లని పిండిని దాచిన కథను బాగా విడమరిచారు. అది నూరుమందికి పైగా రొట్టెలయ్యే పిండి అట. ధాన్యం కుంచాలతో కొలవడం చూసిన మా అమ్మకు ఆ లెక్క వెంటనే తట్టి నవ్వింది. ద్రాక్షతోట కూలీల కథను మాత్రం పైపైన తేల్చేశారు. తెల్లవారి వచ్చినవాడికీ, పొద్దువాలే ముందు వచ్చినవాడికీ ఒకే దేనారము, అంటే ఒక రోజు కూలి, ఇచ్చిన యజమాని ఏలుబడి ఎలాంటిదో జీడితోటల్లో పనిచేసే మా జిల్లావాళ్లకు చెబితే గంటసేపు వాదన జరిగేది. రాజ్యం ఇప్పటికే వచ్చిందా, ఇంకా రావాలా అనే ప్రశ్నను మాత్రం దాటవేయలేదు. ‘దేవుని రాజ్యము మీయొద్దకు వచ్చియున్నది’ అని లూకా 11లో చెప్పిన ప్రభువే, అదే అధ్యాయం మొదట్లో అది రావాలని ప్రార్థించమన్నాడు. ఈ రెండింటినీ మార్కు 4లోని, మనిషి నిద్రపోతున్నా తనంతట పెరిగే విత్తనంతో కలిపి చూపారు.

లోపాలూ ఉన్నాయి. బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో చెప్పిన క్రీస్తు వెయ్యేళ్ల పాలన గురించి సంఘాలలో మొదటి నుంచీ వేర్వేరు అభిప్రాయాలు ఉండగా, చివరి రెండు పాఠాలు ఒకే అభిప్రాయాన్ని బైబిలంత స్థిరంగా చెప్పి, బాణం గుర్తుల పటాలతో నింపేశాయి. భాష పూర్తిగా గ్రాంథికం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1880లో పంతులుగా చేరిన ఊళ్లో కూర్చుని అది చదవడం వింతగానే ఉంటుంది.

మూల్యాంకనం మరీ యాంత్రికం. దేవుని రాజ్యము ఎక్కడ ఉన్నది అన్న ప్రశ్నకు, మన తెలుగు బైబిలులో లూకా 17:21 చెప్పినట్లే ‘మీ మధ్య’ అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టివేసి, ‘హృదయములో’ అని దిద్దారు. గ్రీకు మాటకు రెండు అర్థాలూ చెబుతారన్నది నిజమే కానీ, ఆ మాట యేసు చెప్పింది తనను ప్రశ్నించిన పరిసయ్యులతో, అంటే ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదుల వర్గంవాళ్లతో; రాజ్యం వాళ్ల హృదయాల్లో ఉందనడం ఎంతవరకు పొసగుతుందని అడుగుతూ ఒక ఉత్తరం రాశాను. ‘అభినందనలు’ అని అచ్చువేసిన కార్డు ఒకటి వచ్చింది.

ఒంటరిగా చదివేవారి కంటే, కుటుంబంగానో సంఘంలో నలుగురు కలిసో చదివేవారికి మొదటి తొమ్మిది పాఠాలను సిఫారసు చేస్తాను. చేరేవారు చిరునామాను తెలుగులో మాత్రమే రాసి ఊరుకోకుండా ఇంగ్లీషులోనూ రాసి, జిల్లా గజపతి, రాష్ట్రం ఒడిశా అని స్పష్టంగా తెలపాలి. నేను ఊరి పేరుతో సరిపెట్టినందుకు నా అయిదవ పాఠం శ్రీకాకుళం జిల్లా అంతా తిరిగి నెలన్నర తర్వాత చేరింది.