కాన్యులా పెట్టే చేతిని ఎలా అంచనా వేయాలి? లాగ్‌బుక్, ఆస్కీ, డాప్స్‌లలో ఏది మేలు?

బీఎస్సీ నర్సింగ్ విద్యార్థికి ఐవీ కాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నీడిల్ మీద తొడిగి నరంలోకి పంపే సన్నని ప్లాస్టిక్ గొట్టం) పెట్టడం వచ్చిందా లేదా తేల్చడానికి క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ ముందు మూడు దారులున్నాయి: చేసిన పనులు రాసుకునే లాగ్‌బుక్‌లో సంతకం, స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ చేతి మీద పెట్టే ఆస్కీ (OSCE) పరీక్ష, వార్డులో నిజమైన రోగికి చేస్తుండగా పక్కన నిలబడి చూసే డాప్స్ (DOPS). రోగి దగ్గరికి ఒంటరిగా పంపాలా వద్దా అన్నదే ప్రశ్న అయితే మా ఓటు డాప్స్‌కే.

లాగ్‌బుక్ లెక్క చెబుతుంది, అంతే. పది పెట్టిందని తెలుస్తుంది, ఎలా పెట్టిందో తెలియదు. పోస్టింగ్ ఆఖరి రోజున వరసగా పెట్టే సంతకాలకైతే ఆ విలువ కూడా ఉండదు. ఎవరికి పిల్లల వార్డులో అవకాశం దక్కలేదో చూసుకోవడానికి మాత్రం అది కావాలి.

ఆస్కీని 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో హార్డెన్ బృందం ప్రపంచానికి పరిచయం చేసింది. అందరికీ అదే స్టేషన్, అదే సమయం, అదే చెక్‌లిస్టు. కాబట్టి పరీక్షకుడి ఇష్టాయిష్టాలకు చోటు తక్కువ. అయితే రబ్బరు చేతిలో నరం ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది, నొప్పి అని చెయ్యి లాక్కోదు. ఇంకో చిక్కు మార్కుల్లోనే ఉంది. ఇరవై అంశాల్లో పద్దెనిమిది చేస్తే 90 శాతం. వదిలేసిన ఆ రెండూ రోగి పేరు సరిచూడటం, నీడిల్‌ను షార్ప్స్ డబ్బాలో వేయడం అయితే? అందుకే ప్రాణాపాయం తెచ్చే అంశాలను ముందే విడిగా గుర్తించాలి. వాటిలో ఒక్కటి తప్పినా, మొత్తం ఎంత వచ్చినా ఫెయిలే.

బ్రిటన్‌లో జూనియర్ డాక్టర్ల శిక్షణలో స్థిరపడిన డాప్స్‌లో చూడటానికి పావుగంట, మాట్లాడటానికి ఐదు నిమిషాలు చాలు. కళ్లు ఎక్కడ పెట్టాలన్నదే ముఖ్యం. చర్మాన్ని క్రిమిసంహారక మందు క్లోర్‌హెక్సిడిన్-ఆల్కహాల్‌తో 30 సెకన్లు రుద్దిందా, ఆరనిచ్చిందా? శుభ్రం చేశాక నరం కోసం మళ్లీ వేలితో తడమకుండా ఉందా? ఎక్కువమంది తప్పేది ఇక్కడే. గుచ్చాక నీడిల్ వెనక భాగంలో రక్తం కనిపించగానే కోణం తగ్గించి, ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి పోనిచ్చి, ఆ తర్వాతే కాన్యులాను జరపాలి. నీడిల్ మొన నరంలోకి వెళ్లినా కాన్యులా మొన ఇంకా బయటే ఉండొచ్చు, అప్పుడే తొందరపడి జరిపితే అది నరంలోకి పోదు. చేతికి బిగించిన పట్టీని (టోర్నికెట్) విప్పకుండా నీడిల్ తీస్తే రక్తం పక్కమీద పడుతుంది. లాగిన నీడిల్‌ను తిరిగి కాన్యులాలోకి దూర్చబోతే వెంటనే ఆపాలి, ప్లాస్టిక్ తెగి ముక్క నరంలో ఉండిపోయే ప్రమాదం ఉంది.

డాప్స్‌కూ జబ్బులున్నాయి. మొహమాటం మొదటిది: రోజూ ముఖం చూసే అమ్మాయికి తక్కువ వేయడానికి చెయ్యి రాదు, అందరికీ 'తృప్తికరం' పడిపోతుంది. చురుగ్గా మాట్లాడే పిల్లకు చేతిపనిలోనూ మార్కులు కలిసిపోవడం రెండోది. రోగిని బట్టి ఫలితం మారడం మూడోది: ఉబికిన నరాలున్న యువకుడికి పెట్టినంత తేలిగ్గా విరేచనాలతో నీరసించిన ముసలావిడకు పెట్టలేరు. ఒక్కసారి చూసి తేల్చకూడదు. వేర్వేరు రోగుల మీద, వేర్వేరు ఇన్‌స్ట్రక్టర్లు చూడాలి.

అంకెల స్కేలు కన్నా మేమైతే ఈ నాలుగు మెట్లే వాడమంటాం: నేను చెయ్యి పెట్టాల్సి వచ్చింది, మాటతో నడిపించాల్సి వచ్చింది, ఊరికే పక్కనున్నాను, నేను లేకపోయినా ఇబ్బంది లేదు. మొహమాటానికి ఇక్కడ సందు తక్కువ, ఎందుకంటే జరిగింది జరిగినట్టు రాయడమే. ఇన్‌స్ట్రక్టర్ తొందరపడి కాన్యులా తన చేతిలోకి తీసుకుంటే మాత్రం అంచనాకు ఇంకేమీ మిగలదు. రోగికి హాని లేనంతవరకు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి.

'బాగా చేశావమ్మా' అంటే విద్యార్థికి ఏమీ అందదు. 'ఆరకముందే గుచ్చావు, రేపు మనసులో ముప్పై లెక్కపెట్టు' అంటే అందుతుంది. అదీ రోగి మంచం దగ్గర కాదు, నర్సుల స్టేషన్‌కు వచ్చాక, అదే రోజు.

వరుస ఇలా పెట్టుకోవచ్చు: ఆస్కీ గట్టెక్కాకే రోగిని తాకనివ్వడం, మూడు డాప్స్‌లో చివరి రెండూ నాలుగో మెట్టులో ఉంటేనే ఒంటరిగా వదలడం. రెండో మెట్టు దగ్గరే ఆగిన విద్యార్థికి ఏ అడుగులో తడబడిందో ఫారంలో ఒక్క వాక్యం రాసి, వారంలోగా వేరే ఇన్‌స్ట్రక్టర్ చేత మళ్లీ చూపించాలి.