జాగ్రత్త: కవర్ మీద డ్రాగన్, లోపల మనుషుల రేట్లు

బెంగళూరులో టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర వేస్తూ, డైస్ వేసి కథ నడిపే ఆటలు) ఆడే మన తెలుగువాళ్ళు, ముఖ్యంగా పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుని ఆడించేవాళ్ళు, దయచేసి ఇది చదవండి. ఇక్కడ బోర్డ్ గేమ్స్ అమ్మే ఒక షాపులో బయటి దేశం నుంచి తెప్పించిన ఒక ఫాంటసీ అడ్వెంచర్ పుస్తకం కొన్నాను, 3,200 రూపాయలు. కౌంటర్ దగ్గర కుర్రాణ్ని అడిగితే "ఫ్యామిలీతో ఆడొచ్చు సార్, కొత్తవాళ్ళకి చాలా బాగుంటుంది" అన్నాడు. ప్లాస్టిక్ కవర్ చుట్టి ఉంది కాబట్టి తెరిచి చూడనివ్వలేదు. వెనక అట్ట మీద నిధి, డ్రాగన్, ఎడారి నగరం అని తప్ప ఇంకేం రాసి లేదు.

లోపల ఏముందో చెప్తాను. వస్తువుల ధరల పట్టికలో గుర్రం, గాడిద, తాడు, కాగడాలు, ఆ కిందే అదే వరుసలో మనుషులు. బరువులు మోసే మగమనిషికి ఇంత బంగారం, వంట వచ్చిన ఆడమనిషికి ఇంత, పిల్లలకైతే సగం ధర. పక్కన "విధేయత" అని ఒక గడి ఉంది, కొరడా కొంటే అందులో అంకె పెరుగుతుంది. రెండో అధ్యాయం చివర ఊరిపెద్ద పని చేసిపెట్టినందుకు హీరోలకి బహుమతిగా నలుగురు బానిసల్ని ఇస్తాడు, ఆ నలుగురికీ పేర్లు కూడా లేవు. వాళ్ళని విడిపిస్తే కథ ఎటు వెళ్తుందో ఒక్క వాక్యం లేదు గానీ, పారిపోతే వెతికి పట్టుకోవడానికి మాత్రం డైస్ రూల్ అర పేజీ ఉంది!

మారతహళ్ళిలో మా ఫ్లాట్‌లోనే ఆడుతున్నాం. మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి, లెక్కల్లో చురుకు. సామాను మోయడానికి ఏం కొనాలా అని పట్టిక చూసి "మామయ్యా, గాడిద కన్నా ఈ కుర్రాడు చవగ్గా వస్తున్నాడు, ఇద్దర్ని తీసుకుందామా" అన్నాడు. వాడి తప్పేముంది, పుస్తకం లెక్క అలా నేర్పితే వాడు అలా చేశాడు. అదే టేబుల్ దగ్గర నల్గొండ నుంచి వచ్చిన మా ఫ్రెండ్ ఉన్నాడు, వాళ్ళ తాత దొర గడీలో వెట్టి చేసినవాడు. డైస్ కింద పెట్టేసి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. ఆట ఆపేశాం. మన తెలుగు ఇళ్ళల్లో చాలామందికి ఇది ఒకటి రెండు తరాల దూరంలో ఉన్న విషయం. తెలంగాణ సాయుధ పోరాటానికి వెట్టి ఒక ముఖ్య కారణం, దేశమంతటా వెట్టిచాకిరిని రద్దు చేసే చట్టం 1976లో గానీ రాలేదు, ఇప్పటికీ ఇటుక బట్టీల నుంచి కుటుంబాల్ని విడిపించారన్న వార్తలు చదువుతూనే ఉన్నాం.

ఫాంటసీ గేముల్లో బానిసత్వం అసలు ఉండకూడదని నేను అనడం లేదు. ఈ తరహా ఆటల్లో బాగా పేరున్న డీ అండ్ డీలో (డంజన్స్ అండ్ డ్రాగన్స్) 1980 నాటికే బానిస వ్యాపారుల మీద అడ్వెంచర్లు వచ్చాయి, కానీ వాటిలో ఆ వ్యాపారులు విలన్లు, మన పని వాళ్ళ అడ్డాలు కూల్చడం. 2007లో జూలియా బాండ్ ఎలింగ్‌బో రాసిన స్టీల్ అవే జోర్డాన్ అనే గేమ్‌లో అయితే ఆటగాళ్ళే అమెరికాలోని బానిసల పాత్రలు వేస్తారు, అది బరువైన ఆట, ఆ బరువు ఏమిటో ముందే తెలిసి కూర్చుంటారు. పెద్ద కంపెనీలు కూడా ఈ విషయంలో దెబ్బతిని నేర్చుకున్నాయి. 2022లో డీ అండ్ డీకి వచ్చిన స్పెల్‌జామర్ అనే పుస్తకాల సెట్‌లో కోతి పోలికలున్న హాడోజీ జాతికి ఒక మాంత్రికుడు వాళ్ళని తయారుచేసి అమ్ముకోవాలనుకున్నాడనే పూర్వకథ పెట్టారు, నల్లజాతివాళ్ళని కించపరిచే పాత బొమ్మల్లాగే ఉందని ఆటగాళ్ళు తిరగబడితే డీ అండ్ డీ కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సెప్టెంబర్‌లో క్షమాపణ చెప్పి డిజిటల్ కాపీల్లోంచి అది తీసేసింది. (సెకండ్ హ్యాండ్‌లో మొదటి ముద్రణ కొంటే ఆ పాత కథ అందులోనే ఉంటుంది, అదీ గుర్తుపెట్టుకోండి.) పాత్‌ఫైండర్ అనే ఇంకో ఫాంటసీ గేమ్ వాళ్ళు 2021 నుంచి కొత్త పుస్తకాల్లో ఈ అంశాన్నే పక్కన పెడుతూ వచ్చారు. అంత దూరం వెళ్ళక్కర్లేదని నా అభిప్రాయం, చెడ్డ రాజ్యాన్ని చూపించకపోతే దాన్ని పడగొట్టే కథ ఎలా చెప్తాం? కానీ మనిషిని కొని వాడుకుంటే ఆటగాడికి లాభం వచ్చేలా రూల్స్ రాసి, అట్ట మీద ఒక్క హెచ్చరిక కూడా లేకుండా అమ్మడం వేరే సంగతి.

కొనేముందు షాపులో విప్పిన కాపీ అడగండి, లేకపోతే పీడీఎఫ్ శాంపిల్ పేజీలు చూడండి. నేరుగా ధరల పట్టికకీ, బహుమతుల పేజీకీ వెళ్ళండి, ముందుమాటలో ఎంత తియ్యగా రాసినా అసలు బుద్ధి అక్కడ బయటపడుతుంది. బానిసలుగా ఉన్న పాత్రలకి పేర్లు, కోరికలు, కోపం ఉన్నాయా, వాళ్ళంతట వాళ్ళు ఏమైనా చేయగలరా అని చూడండి. మీరే గేమ్ మాస్టర్ (కథ నడిపించేవాళ్ళు) అయితే సెషన్ జీరోలో, అంటే ఆట మొదలుపెట్టేముందు అందరూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు, ఈ అంశం ఉంటుందని పేరు పెట్టి చెప్పండి, టేబుల్ మీద ఎక్స్-కార్డ్ ఉంచండి, ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ సన్నివేశం అక్కడితో ఆపేయాలి. కొత్తవాళ్ళు మొహమాటంతో నోరు విప్పరు, కార్డు ముట్టుకోవడమైతే తేలిక. మాంటీ కుక్ గేమ్స్ వాళ్ళు 2019లో ఉచితంగా ఇచ్చిన కన్సెంట్ ఇన్ గేమింగ్ పీడీఎఫ్‌లో ఆటలో ఏ అంశాలు ఫర్వాలేదు, ఏవి వద్దు అని గుర్తు పెట్టే చెక్‌లిస్ట్ ఒకటి ఉంది, ఆడేవాళ్ళందరితో ముందే నింపించండి.

ఇక షాపు సంగతి. పుస్తకం తీసుకెళ్ళి పేజీలు చూపించాను. "సీల్ తీస్తే రిటర్న్ లేదు సార్, గేమే కదా" అన్నారు. సీల్ తీయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందని అడిగితే జవాబు లేదు. ఫ్యామిలీ గేమ్ అని చెప్పి అమ్మారు కాబట్టి బిల్లు, పేజీల ఫొటోలు పెట్టి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. అది తేలేదాకా షాపు పేరు ఇక్కడ రాయను. పోయినవారం వెళ్ళినప్పుడు కూడా అదే పుస్తకం పిల్లల గేముల పక్క ర్యాక్‌లోనే ఉంది. ఎడారి నగరం, డ్రాగన్ బొమ్మ ఉన్న అడ్వెంచర్ ఏదైనా కొనబోతుంటే నన్ను అడగండి, నా దగ్గరున్న ఫొటోలు పంపిస్తాను, అదో కాదో చూసుకుని కొనండి.