అర్జీ రాయించుకోవాలంటే ఈ పెద్దాయన దగ్గరికే వెళ్లండి

మా జిల్లా కలెక్టరేట్ గేటుకు ఎదురుగా, జిరాక్స్ సెంటర్ పక్కన వేపచెట్టు కింద టేబుల్ వేసుకుని అర్జీలు రాసే పెద్దాయన ఒకరున్నారు. బోర్డు లేదు, ఎవరిని అడిగినా చూపిస్తారు. నా దగ్గర అర్జీకి 80, ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తుకు 50 రూపాయలు తీసుకున్నారు. ఇంకా ఎక్కువ తీసుకున్నా ఇచ్చేదాన్నే.

నాన్న పోయాక విరాసత్ (వారసత్వ మార్పిడి) చేయించి భూమి అమ్మ పేరు మీదికి మార్పించాం. నాన్న పాస్‌బుక్‌లో 2 ఎకరాల 14 గుంటలు ఉంటే అమ్మకు వచ్చినదాంట్లో 2 ఎకరాల 2 గుంటలే ఉన్నాయి. ఆ 12 గుంటల కోసం నాలుగు నెలలు తిరిగాను, రెండు సోమవారాలు కలెక్టరేట్‌లో జనం దగ్గర అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇచ్చాను, రెండూ తిరిగి తిరిగి తప్పు చేసిన ఆఫీసుకే చేరాయి. డిగ్రీ చదువుకున్నాను, తెలుగు బాగానే రాస్తాను కదా అని ఆ రెండూ నేనే రాశాను. అందులో మొదటి వాక్యం ఇదీ:

"మా నాన్నగారు స్వర్గస్థులైన పిదప మా అమ్మగారి పేరు మీద విరాసత్ చేయబడిన సందర్భంలో జారీ చేయబడిన పాస్‌బుక్‌లో నమోదు కాబడిన విస్తీర్ణం తక్కువగా చూపబడి ఉన్నందున మేము అనేక పర్యాయములు కార్యాలయం చుట్టూ తిరిగి తీవ్ర మానసిక వేదనకు గురై ఉన్నామని తమరికి సవినయంగా విన్నవించుకుంటున్నాము."

పెద్దాయన ఇది రెండుసార్లు చదివి, "నువ్వు ఏడ్చింది రాసినవ్ బిడ్డా, అడిగేది రాయలే" అన్నారు. మనసు చివుక్కుమంది. కానీ మళ్లీ చూసుకుంటే నిజమే, సర్వే నంబర్ ఎక్కడో రెండో పేజీలో ఉంది, ఎన్ని గుంటలు పోయాయో ఆ వాక్యంలో లేదు, ఏం చేయమంటున్నానో అసలు లేనే లేదు.

తర్వాత ఆయన చేసింది చూస్తుంటే రాయడం అంటే ఏంటో నాకు అప్పుడే తెలిసినట్టయింది. నేను "బడిన" అని రాసిన ప్రతిచోటా పెన్ను ఆపి "ఎవరు చేసిన్రు?" అని అడిగారు. చేయబడిన, ఎవరు? చూపబడిన, ఎవరు? నేను జవాబు చెబుతుంటే ఆయన రాసుకుంటూ పోయారు. మర్యాదగా ఉంటుందని నేను వాడిన ఆ మాటల వల్లే తప్పు ఎవరిదో కనపడకుండా పోయింది. ఇంకోటి, మన భాషలో క్రియ చివర్న వస్తుంది. "అయిన, చేసిన, ఉన్నందున" అంటూ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే, చదివే అధికారి అన్నీ గుర్తుపెట్టుకుని చివరిదాకా రావాలి, తీరా వస్తే అక్కడున్నది "విన్నవించుకుంటున్నాము". ప్రజావాణి రోజు ఆ అధికారి ముందు వందల అర్జీలుంటాయి, అంత ఓపిక ఎక్కడిది?

పెద్దాయన రాసింది ఇలా మొదలైంది: "విషయం: మా అమ్మ పాస్‌బుక్‌లో తగ్గిన 12 గుంటలు తిరిగి ఎక్కించడం గురించి." కిందనే సర్వే నంబర్. ఆ తర్వాత: "నాన్న పాస్‌బుక్‌లో 2 ఎకరాల 14 గుంటలు ఉన్నాయి. విరాసత్ చేసినప్పుడు మండల ఆఫీసులో 2 ఎకరాల 2 గుంటలే రాశారు." నేను "అనేక పర్యాయములు" అన్నచోట తేదీలు అడిగి మరీ వరసగా పెట్టారు. జనవరి 22న వెళ్లాను, సర్వేయర్ లేరన్నారు. ఫిబ్రవరి 5న వెళ్లాను, ఫైలు పైకి పోయిందన్నారు. మార్చి 12న వెళ్లాను, ఫైలు రాలేదన్నారు. "తీవ్ర మానసిక వేదన" అన్న మాట ఎక్కడా లేదు కానీ ఈ మూడు వాక్యాలు చదువుతుంటే నాకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఒక్కచోట ఆయనతో నాకు కుదరలేదు. అమ్మ గురించి రాసిందంతా కొట్టేశారు. అది ఉండాల్సిందే అని నేను పట్టుబట్టాను. కాసేపు ఆలోచించి, "సరే, చివర్న, ఒక్కటే లైను" అన్నారు. "అమ్మకు 68 ఏళ్లు, ఈ భూమి తప్ప వేరే ఆధారం లేదు." ఇప్పటికీ అది ఉంచడమే కరెక్ట్ అనుకుంటాను, చివర్న పెట్టమన్నది కూడా కరెక్టే.

ఆర్‌టీఐ విషయంలో అయితే ఆయన చేతికి దండం పెట్టాలి. నేను "12 గుంటలు ఎందుకు తగ్గించారు?" అని అడిగి, అది నాకెందుకు కావాలో అర పేజీ రాసుకొచ్చాను. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం ఎందుకు అడుగుతున్నామో మనం చెప్పనక్కర్లేదు, అర పేజీ అక్కడే పోయింది. తమ దగ్గరున్న రికార్డు వాళ్లు ఇవ్వాలి కానీ "ఎందుకు" అన్నదానికి సంజాయిషీ రాసివ్వాలని లేదు. అందుకని "విరాసత్ ఫైలులోని అన్ని పేజీల నకళ్లు ఇవ్వండి" అని ఒక్క వాక్యం రాశారు, పైన సెక్షన్ 6(1) వేశారు, అంతే. మండల ఆఫీసు కాబట్టి ఫీజు 5 రూపాయలే. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు మళ్లీ రమ్మన్నారు.

మూడో అర్జీ తీసుకున్న అధికారి నిలబడే చదివి "పాత పాస్‌బుక్ నకలు ఉందా?" అని అడిగారు. అంతకుముందు రెండుసార్లూ నన్ను ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇచ్చాను, 15 రోజుల్లో రిపోర్టు పంపమని అర్జీ మీదే రాశారు. సర్వేయర్ వచ్చి కొలిచి వెళ్లారు. గుంటలు ఇంకా ఎక్కలేదు, ఎక్కాక ఇక్కడే రాస్తాను.

ఇబ్బందులూ ఉన్నాయి. అంతా చేతిరాతే, కంప్యూటర్ లేదు, ఇంగ్లిష్‌లో రాయరు. సోమవారం పొద్దున్నే జనం ముసురుకుంటారు, టెన్షన్‌తో వెళ్తే సగం చెప్పడం మర్చిపోతాం, ఆయనకీ వినే తీరిక ఉండదు. శుక్రవారం వెళ్లండి, పాత పాస్‌బుక్ జిరాక్స్ రెండు కాపీలు, మీరు ఆఫీసుకు తిరిగిన తేదీలు ఒక చీటీ మీద రాసుకుని పట్టుకెళ్లండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఉండరు.