‘1914 మోడల్’ టేబుల్ ఫ్యాన్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

నా దగ్గరున్నది అమెరికాలో తయారైన 12 అంగుళాల టేబుల్ ఫ్యాన్. పోత ఇనుము దిమ్మె, నాలుగు ఇత్తడి రెక్కలు, స్టీలు జాలీ, అటూ ఇటూ తిరిగే మెడ. అమ్మినాయన దీన్ని 1914 మోడల్ అన్నాడు. కొన్నేళ్లుగా ఎండాకాలమంతా దీన్నే వాడుతున్నాను కాబట్టి గాలి సంగతీ చెబుతాను. కానీ ఇలాంటివి కొనేవాళ్లు బోల్తా పడేది గాలి దగ్గర కాదు, వయసు దగ్గర.

ఆ 1914 ఆయన గాల్లోంచి తీసింది కాదు. మోటారు వెనకున్న ఇత్తడి నేమ్‌ప్లేటు మీద పేటెంట్ తేదీలు వరసగా ఉన్నాయి. వాటిలో చివరిది 1914 మార్చి 10. నిజానికి అక్కడ అక్షరాలు అరిగిపోయి 10 అంటే 10, 16 అంటే 16 అన్నట్టున్నాయి. టార్చిలైటు పక్క నుంచి వేసి, పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దినా తేలలేదు. తేల్చింది క్యాలెండరు. అమెరికాలో పేటెంట్లు ఇచ్చేది మంగళవారాల్లోనే. ఆ ఏడాది మార్చి 10 మంగళవారం, 16 సోమవారం. పాత ఫ్యాన్లు చూసేవాళ్లకు ఇంతకంటే చవకైన పనిముట్టు ఇంకోటి లేదు.

అయితే ఆ తేదీ చెప్పేది ఒక్కటే: ఈ ఫ్యాన్ అంతకంటే ముందుది కాదని. ఎంత తర్వాతదో చెప్పదు, ఎందుకంటే అవే తేదీలున్న ప్లేటు ఏళ్ల తరబడి కొత్త ఫ్యాన్లకు ఎక్కుతూనే ఉండేది. రెండో హద్దు కోసం ఇంకోవైపు చూడాలి. 1927లో అమెరికా చట్టం మారి, వస్తువు మీద పేటెంట్ తేదీ బదులు నంబరు వేయాల్సి వచ్చింది. నా ప్లేటు మీద ఒక్క పేటెంట్ నంబరూ లేదు, అన్నీ తేదీలే. అంటే ఇది ఆ మార్పుకు ముందుదై ఉండాలి. మీ ఫ్యాన్ మీద పేటెంట్ నంబర్లు ఉంటే ఇంకా సులువు. పది లక్షల నంబరు 1911 ఆగస్టు 8న పడింది, ఇరవై లక్షలది 1935లో, ముప్పై లక్షలది 1961లో. ఇరవై లక్షలు దాటిన నంబరు కనిపించిందా, అది 1935కి ముందుదని ఎవరు ఒట్టేసినా నమ్మక్కర్లేదు.

మిగతాది ఫ్యానే చెబుతుంది. తొలినాళ్ల మంచి ఫ్యాన్లకు జాలీ కూడా ఇత్తడిదే ఉండేది, స్టీలు జాలీలు తర్వాత వచ్చాయి. మెడ తిప్పే గేర్లు నా దాంట్లో పెట్టెలో మూసి ఉన్నాయి, ఇదీ కాస్త తర్వాతి పద్ధతే. అన్నీ కలిపి చూస్తే నా లెక్క 1910ల చివర నుంచి 1920ల మధ్య దాకా. ఒక్క సంవత్సరం పట్టుకుని గట్టిగా చెప్పేవాళ్లంటే నాకు అనుమానమే.

దిమ్మె కింద రేకుకు ఒక స్టార్ స్క్రూ, అంటే ఫిలిప్స్ స్క్రూ, ఉంది. ఫిలిప్స్ స్క్రూకు పేటెంట్ వచ్చింది 1936లో. మిగిలిన స్క్రూలన్నీ ఒంటిగీతవే కాబట్టి అది ఎవరో రిపేరులో బిగించింది. అదే ఫ్యానంతా స్టార్ స్క్రూలుండి, లోపల ప్లాస్టిక్ స్విచ్, పీవీసీ వైరు కనిపిస్తే అది అలంకారానికి చేసిన నకలని అర్థం. అయస్కాంతం కూడా జేబులో ఉంచుకోండి. ఇత్తడికి అంటదు, ఇత్తడి పూత పూసిన ఇనుముకు టక్కున అతుక్కుంటుంది.

చాలామంది సీరియల్ నంబరు పట్టుకుని ఏ సంవత్సరమని అడుగుతారు. ముందు చూడాల్సింది టైప్ లేదా మోడల్ నంబరు, ఎందుకంటే కంపెనీల పాత క్యాటలాగులతో పోల్చడానికి పనికొచ్చేది అదే. ఎమర్సన్ కంపెనీ ఫ్యాన్లలో 29646 అంటే 12 అంగుళాలది, 29648 అంటే 16 అంగుళాలది. ఆ నంబరు ఉండేది నేమ్‌ప్లేటు మీదే కాబట్టి దానికి మాత్రం పాలిష్ పెట్టకండి. ఇత్తడి తళతళలాడుతుంది గానీ అంకెలు పోతాయి.

ఇక వాడకం. గాలి ఇప్పటి ఫ్యాన్లలా వెడల్పుగా పరుచుకోదు, ఎదురుగా ఉన్నవాళ్లకు సూటిగా కొడుతుంది. నాకదే ఇష్టం. తక్కువ స్పీడులో దిమ్మెలోని కాయిల్ జుయ్యిమంటుంది, కొందరికి అది చిరాకు. ప్లేటు మీద 110 వోల్టులు, 60 సైకిల్స్ (ఇప్పటి మాటలో హెర్ట్జ్) అని ఉంది. 230 వోల్టుల కరెంటున్న చోట ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. అక్కడ 50 హెర్ట్జ్ కూడా అయితే మోటారు నెమ్మదిగా తిరిగి ఎక్కువ వేడెక్కుతుంది, అందుకే వోల్టేజీ 90 దగ్గరికి దించాలి. డీసీ ఫ్యానైతే లోపల బ్రష్‌లుంటాయి, దాన్ని నేరుగా ఏసీకి తగిలించొద్దు.

నూనె విషయంలో బద్ధకం పనికిరాదు. బేరింగులకు డిటర్జెంట్ లేని పల్చటి మోటారు ఆయిల్ కొన్ని చుక్కలు వేస్తుండాలి, గేర్ల పెట్టెలో రాయిలా గట్టిపడిన గ్రీజు తీసేసి కొత్తది పెట్టాలి. నా ఫ్యాన్‌కు గుడ్డ చుట్టిన పాత వైరు వంచితే చాలు, లోపలి రబ్బరు పొడిపొడిగా రాలింది. అలాంటి వైరుతో ఒక్కసారి కూడా ప్లగ్ పెట్టకూడదు. వైరు మార్పించి, వైండింగ్ ఇన్సులేషన్ పరీక్ష చేయించి, ఎర్త్ కనెక్షన్ ఇప్పించాకే స్విచ్ వేయాలి.

జాలీ సందుల్లో పెద్దవాళ్ల వేళ్లు కూడా దూరతాయి. పిల్లలున్న ఇంట్లో దీన్ని నేలమీద పెట్టే ఆలోచన వద్దు. రాత్రంతా వదిలేసి పడుకోవడం కూడా వద్దు.

కొనేముందు అమ్మేవాళ్లను నేమ్‌ప్లేటు, దిమ్మె అడుగు, మోటారు వెనకభాగం ఫొటోలు అడగండి. రెక్కల ఫొటోలు వాళ్లే పంపుతారు.